పట్టింది గాని పడలేదు

మా ఇంట్లో కంప్యూటర్ నేను ఏదైనా రాసుకుంటున్నంతసేపూ నిక్షేపంలా నడిచేది. మనవడు వచ్చి కుర్చీ ఎక్కి గేమ్ పెట్టాడంటే మాత్రం పావుగంటకో ఇరవై నిమిషాలకో టక్కున ఆరిపోయేది. నీలం తెర లేదు, హెచ్చరిక లేదు, దీపం ఊదేసినట్టే. దాంతో ఇంటిల్లిపాదీ కలిసి తప్పు మనవడిదని తేల్చేశాం. వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. "నేనేం చెయ్యలేదు తాతయ్యా" అనే మాట తప్ప వాడి దగ్గర వేరే సాక్ష్యం లేదు. నాలుగు నెలలు ఆ నింద మోశాడు పాపం.

అసలు దోషి ఎవరో చెప్పాలంటే 1997కి వెళ్ళాలి.

అప్పుడు నేను ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. మా ఫిజిక్స్ లెక్చరరూ నేనూ కలిసి మా వరండాలో దుప్పటి పరిచి, దాని మీద పెంటియమ్ 166 ఎమ్ఎమ్ఎక్స్ ఒకటి బిగించాం. దుప్పటి రాపిడికి పుట్టే కరెంటు చిప్పుల ప్రాణం తీస్తుందని ఆ తర్వాత చదివాను. ఆ సంగతి అప్పటికి మాకూ తెలీదు, ఆ చిప్పులకూ తెలిసినట్టు లేదు. ఆ రోజుల్లో ఎస్ఎంపీఎస్ నుంచి, అంటే గోడ కరెంటుని కంప్యూటర్ పార్టులకి పంచే డబ్బా నుంచి, మదర్‌బోర్డుకి పీ8, పీ9 అని రెండు ప్లగ్గులు వచ్చేవి. అచ్చం కవలలు. ఒకదాని చోట ఇంకొకటి పెట్టినా చక్కగా దిగిపోయేది, స్విచ్ వేశాక బోర్డు అంతే చక్కగా కాలిపోయేది. అందుకని "నలుపు పక్కన నలుపు" అని ఒక మంత్రం చెప్పుకునేవారు. రెండు ప్లగ్గుల నల్లతీగలూ మధ్యలో కలుసుకోవాలన్నమాట. సాకెట్ 7 అనే ఒకే గుంటలో ఇంటెల్‌ వాళ్ళదైనా, ఏఎమ్‌డీ వాళ్ళదైనా, సైరిక్స్ వాళ్ళదైనా ప్రాసెసర్ వచ్చి కూర్చునేది, ధర్మసత్రంలో బాటసారిలాగ. మొదటిసారికే తెర వెలిగింది. కంప్యూటర్ బిగించడం నాకు వచ్చు అనే నమ్మకం ఆ సాయంత్రం పుట్టి, ఆ తర్వాత అన్నీ షాపులో బిగించినవే కొన్నా, పాతికేళ్ళపాటు చెక్కుచెదరకుండా ఉండిపోయింది.

2022లో మా పాత డెస్క్‌టాప్ కన్నుమూసింది. మదర్‌బోర్డు పోయిందన్నారు. బెంగళూరులో ఉండే మేనల్లుడు ఫోన్లో "ల్యాప్‌టాప్ కొనుక్కో మావయ్యా, హాయిగా ఉంటుంది" అన్నాడు. రిటైరైనవాడికి అన్నీ హాయిగా ఉండాలని ఈ కాలం పిల్లల అభిప్రాయం. నాకు పౌరుషం వచ్చింది. పార్టులు తెచ్చి నేనే బిగిస్తానన్నాను.

"అయితే కంపాటిబిలిటీ చూసుకో."

"దాన్ని తెలుగులో ఏమంటారు?" అన్నాను. వృత్తి పోయినా జబ్బు పోదు.

వాడు కాసేపు ఆలోచించి, "దీనికది పడుతుందా లేదా అని" అన్నాడు.

ఇక్కడే నా కొంప మునిగింది. తెలుగులో "పడుతుంది" అనే మాట రెండు క్రియలకి చెందుతుంది. గ్లాసులో పావులీటరు పడుతుంది అంటే అది "పట్టు" నుంచి వచ్చింది. అత్తాకోడళ్ళకి పడుతుంది అంటే అది "పడు" నుంచి వచ్చింది. జరగబోయేదాన్ని గురించి చెప్పేటప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. భూతకాలంలోకి వచ్చాకే తేడా తెలుస్తుంది: ఒకటి పట్టింది, రెండోది పడలేదు. కంప్యూటర్ పార్టుల్లో భూతకాలం అంటే బిల్లు కట్టేశాక. ముప్పై రెండేళ్ళు వ్యాకరణం చెప్పినవాణ్ణి, ఆ ఫోన్లో మాత్రం మొదటి అర్థమే తీసుకున్నాను.

ప్రాసెసర్, బోర్డు విషయంలో మేనల్లుడే దారి చూపించాడు. నాకు తెలిసిన సాకెట్ 7 సత్రం ఎప్పుడో మూతబడిందట. ఇప్పుడు ఇంటెల్ వాళ్ళది వేరు, ఏఎమ్‌డీ వాళ్ళది వేరు. పోనీ ఒకే కంపెనీలో అయినా సఖ్యత ఉందా అంటే, 1151 కాళ్ళ సాకెట్ అని 2015లో ఒకటి వచ్చింది, 2017లో మళ్ళీ అవే 1151 కాళ్ళతో ఎనిమిదో తరం ప్రాసెసర్ వచ్చింది. గుంటలో దిగుతుంది, పాత బోర్డు మీద పనిమాత్రం చెయ్యదు. ఏఎమ్‌డీ వాళ్ళు ఏఎమ్4 అనే సాకెట్‌ని ఏళ్ళ తరబడి మార్చకుండా ఉంచి మర్యాద దక్కించుకున్నారు గాని, అక్కడా ఒక మెలిక ఉంది. 2018 నాటి బీ450 బోర్డులో 2020లో వచ్చిన రైజెన్ 5000 పెట్టాలంటే ముందు బోర్డుకి బయోస్ అప్‌డేట్ చెయ్యాలి. అప్‌డేట్ చెయ్యాలంటే బోర్డు వెలగాలి. వెలగాలంటే దానికి తెలిసిన ప్రాసెసర్ అందులో ఉండాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో ఆ పని కానిచ్చే మీట కొన్ని బోర్డులకి వెనకవైపు ఉంటుందట. ఉందో లేదో చూసి కొనే ఓపిక నాకు లేక ఇంటెల్ 12వ తరానికి స్థిరపడ్డాను: ఎల్‌జీఏ 1700 సాకెట్, హెచ్610 బోర్డు, ఐ5-12400.

హబ్సిగూడలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఆ పేరుతో అడిగితే ఎవరూ పలకరు, సీటీసీ అనాలి. చిన్న చిన్న దుకాణాలు, పైకప్పు దాకా అట్టపెట్టెలు, వాటి మధ్య మనిషి పట్టేంత సందు. నా చేతిలో శుభలేఖ వెనక రాసుకున్న లిస్టు. జేబులో పాత కంప్యూటర్ నుంచి ఊడదీసిన ఎనిమిది జీబీ ర్యామ్, చేతిరుమాల్లో చుట్టి.

"ర్యామ్ డీడీఆర్4 దా సార్, 5 దా? రెండు తీర్ల బోర్డులున్నయి" అన్నాడు దుకాణం కుర్రాడు.

రెండింటికీ కాళ్ళు 288యే కాబట్టి ఏదైనా ఒకటే అని నా పాండిత్యం చూపించాను. ఆ అబ్బాయి నవ్వకుండా రెండు ర్యాములు పక్కపక్కన పెట్టి మధ్యలో ఉన్న గాటు చూపించాడు. ఒకదానికీ ఇంకోదానికీ గాటు కాస్త పక్కకి జరిగి ఉంది. బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. ఇలా పట్టనే పట్టనివి మంచివని ఇప్పుడనిపిస్తుంది, మొహం మీదే చెప్పేస్తాయి.

డీడీఆర్4 బోర్డు తీసుకున్నాను. దానికి తోడు 3200 వేగం గల కొత్త ఎనిమిది జీబీ ఒకటి. నా జేబులోది 2400. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే కాడికి కట్టిన ఎద్దుల్లా నడుస్తాయి, ముసలిది ఎంత నడిస్తే కోడెదీ అంతే. డబ్బిచ్చి కొన్న వేగం దండగైనా, అవి పోట్లాడుకోలేదు. అంతవరకు నా అదృష్టం. చూడ్డానికి బాగానే పట్టి, పనిలో పడక, రోజుకోసారి నీలం తెర చూపించే జంటలు చాలా ఉంటాయిట. ఒకే పెట్టెలో జతగా అమ్మేవి కొనుక్కోమనేది అందుకే.

"ప్రాసెసర్ల ఎఫ్ తీసుకుంటె రెండు వేలు తక్కువ పడతది సార్. మీకు కార్డు ఉందా?"

"ఉంది. కాని ఫోన్‌పే చేస్తాను" అన్నాను.

ఆ అబ్బాయి అడిగింది గ్రాఫిక్స్ కార్డు గురించి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే, తెరకి బొమ్మ పంపించే భాగం అందులో పనిచెయ్యదని అర్థం. నేను ఎఫ్ అంటే ఫస్ట్‌క్లాస్ అయి ఉంటుందనుకున్నాను.

చివర్లో "ఎస్ఎంపీఎస్ ఏం పెడుతున్నరు?" అని కూడా అడిగాడు. పాత క్యాబినెట్‌లో 450 వాట్లది ఉందన్నాను.

"లోకలా సార్?"

"లోకల్ అయితే ఏం? మనవాళ్ళు చేస్తే పనిచెయ్యదా?" అని కాస్త గట్టిగానే అడిగాను. పాపం, పెద్దవాణ్ణని ఊరుకున్నాడు.

ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద సరంజామా పరిచాను. ఈసారి దుప్పటి వెయ్యలేదు. ప్రాసెసర్ గుంటలో వెంట్రుకల్లాంటి కాళ్ళు పదిహేడు వందలు. ప్రాసెసర్ అందులో పెట్టి మీట నొక్కితే కర్ర్‌మని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు సహజమేనట గాని, అది విన్న మనిషి మళ్ళీ మామూలు మనిషి కావడానికి అయిదు నిమిషాలు పడుతుంది. తర్వాత ఫ్యాను. దాని అడుగున బూడిదరంగులో ఏదో అంటుకుని ఉంది. కొత్త వస్తువుకి ఈ మురికేమిటని తడిబట్ట పెట్టి శుభ్రంగా తుడిచాను. అది ప్రాసెసర్ వేడిని ఫ్యానుకి అందించడానికి కంపెనీవాళ్ళే పూసి పంపిన థర్మల్ పేస్టు. మర్నాడు ట్యూబు కొనుక్కొచ్చి, బఠాణీ గింజంత చాలని రాసి ఉన్నా, మనసొప్పక ఇడ్లీకి నెయ్యి వేసినంత వేశాను.

అన్నిటికన్నా కష్టం క్యాబినెట్ ముందువైపు నుంచి వచ్చే సన్న తీగలు. పవర్ స్విచ్, రీసెట్, హార్డ్‌డిస్క్ లైటు, పవర్ లైటు. ఇవి బోర్డు మూలన ఉన్న తొమ్మిది పిన్నుల మీద ఒక క్రమంలో దిగాలి. పిన్నులు ఆవగింజకి అన్నదమ్ములు. వాటి పేర్లు వాటికన్నా చిన్న అక్షరాల్లో. నేను కళ్ళజోడు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి, ఫోన్ టార్చి పళ్ళతో పట్టుకుని ఒకసారి ప్రయత్నించాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి కాసేపు చూసింది.

"ఏమండీ, అది ఎక్కడ పెట్టాలో చెప్పండి చాలు."

చెప్పాను. నలభై ఏళ్ళుగా సూదిలో దారం ఎక్కిస్తున్న వేళ్ళు. రెండు నిమిషాల్లో నాలుగూ గుచ్చేసి, "ఇంతేనా?" అని వెళ్ళి పోపు పెట్టుకుంది. కొత్త కంప్యూటర్లో మళ్ళీ ఒక్కసారి కూడా విప్పాల్సిన అవసరం రానిది ఆ పని ఒక్కటే.

ప్రాసెసర్‌కి కరెంటిచ్చే సాకెట్‌కి బోర్డు మీద ఎనిమిది రంధ్రాలున్నాయి. నా ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే ప్లగ్గుకి నాలుగే కాళ్ళు. సగంలో పెట్టి చూశాను. పట్టింది. సంతోషించాను.

స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. మూడు గంటలు ఆ నలుపుని చూశాక మేనల్లుడికి ఫోన్ చేసి ప్రాసెసర్ పెట్టె మీద ఉన్నదంతా చదివాను. ఎఫ్ దగ్గర "ఆగు మావయ్యా" అన్నాడు. అలా మిగిలిన రెండు వేలకి తొమ్మిది వేలు కలిపి సెకండ్‌హ్యాండ్‌లో జీటీఎక్స్ 1650 కార్డు కొన్నాను. తెర వెలిగింది. ఆ కార్డు ఉంటే గేమ్స్ బాగా ఆడతాయని మా మనవడికి ఎవరు చెప్పారో తెలీదు. ఆదివారం పొద్దున్నే దిగాడు.

తర్వాతి కథ మీకు తెలుసు. నాలుగు నెలల్లో విండోస్ మూడుసార్లు ఎక్కించాను. ర్యామ్ మీద అనుమానంతో మెమ్‌టెస్ట్86 పెట్టి రాత్రంతా దాని ఎదురుగా కూర్చుంటే, శివరాత్రి ఇంకా రాలేదని మా ఆవిడ గుర్తుచేసింది. ర్యామ్ నిర్దోషి. క్యాబినెట్ పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాను పెట్టాం. వేడీ నిర్దోషే. ఎదురు ఫ్లాట్ ఆయన వచ్చి కంప్యూటర్ దక్షిణం చూస్తోందన్నాడు. నిజం చెప్తున్నాను, బల్ల తిప్పాను కూడా. ఇక మిగిలింది మనవడు. వాడికి కంప్యూటర్ నిషేధించాం. ఆరిపోవడం ఆగింది. ఇంతకన్నా రుజువేం కావాలి?

ఆఖరికి రాజమండ్రిలో స్థిరపడిన మా ఫిజిక్స్ లెక్చరర్‌కి ఫోన్ చేశాను. పాత సంగతులు అయ్యాక విషయం చెప్తే, ఆయన మనవడి గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

"ఎస్ఎంపీఎస్ మీద స్టిక్కర్ ఉంటుంది. చదువు."

"450 వాట్లు."

"అది వాళ్ళ పేరు. కింద గడులుంటాయి, అవి చదువు."

చదివాను. 3.3 వోల్టుల కింద 18 ఆంపియర్లు. 5 వోల్టుల కింద 26. 12 వోల్టుల కింద 14.

"పన్నెండు పద్నాలుగులు?"

చిన్నప్పటి ఎక్కాలు పోలేదు. "నూట అరవై ఎనిమిది."

"నీ ప్రాసెసర్ ఊపు మీదున్నప్పుడు 117 వాట్ల దాకా లాగుతుంది. కార్డు 75. కూడు."

"నూట తొంభై రెండు."

ఫోన్లో కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. మూడు గడులూ గుణించి కూడితే 360 దాటలేదు. మిగిలిన 90 వాట్లు స్టిక్కర్ మీదే ఉన్నాయి. ఆ ఉన్నవాటిలోనూ నాకు కావలసినవి 12 వోల్టుల గడిలో లేవు. ఒకప్పుడు ప్రాసెసర్లు 5 వోల్టుల లైను మీద బతికేవి. 2000 ప్రాంతంలో పెంటియమ్ 4తో అది 12 వోల్టులకి మారింది. ఇప్పుడు ప్రాసెసర్, కార్డు రెండూ ఆ ఒక్క కుళాయి దగ్గరే బిందెలు పెడతాయి. నేను వ్యాసం టైపు చేస్తున్నప్పుడు వాటికి చెంబుడు చాలు. గేమ్ పెడితే రెండింటికీ ఒకేసారి దాహం. పైగా స్టిక్కర్ మీద వేసిన ఆ 14 ఆంపియర్లు కూడా ఎండాకాలం మున్సిపాలిటీ నీళ్ళలాంటివేనని, పాత మదర్‌బోర్డు చావులో దాని చెయ్యి ఉన్నా ఆశ్చర్యపోనని ఆయన అన్నాడు.

"ఇంకోటి. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుందా?"

"అంటుంది. కొత్తది కదా, హుషారుగా ఉందనుకున్నాను."

ఎస్ఎంపీఎస్ లోపలికి కరెంటు వచ్చే దారిలో రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి అనవసరపు రొదని ఎర్త్ తీగలోకి వదిలేస్తాయి. గోడలో ఎర్త్ లేకపోతే ఆ వదిలింది ఎటూ పోలేక క్యాబినెట్ రేకు మీదే నిలబడుతుంది, 230లో సగం, అంటే దాదాపు 115 వోల్టులు. కరెంటు చాలా స్వల్పం కాబట్టి మనిషికి జిల్లుతో పోతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే వచ్చి స్విచ్‌బోర్డు విప్పి చూశాడు.

"సార్, పైన పెద్ద బొక్కకి వెనక తీగ లేదు. ఉత్తగ షోకి పెట్టిండ్రు."

ఇరవై ఏళ్ళుగా ఆ ఫ్లాట్లో మూడు కాళ్ళ ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ నాకు కలిగిన నిశ్చింత ఆ బొక్క ఇచ్చినదే. మీటర్ బాక్స్ నుంచి పచ్చతీగ లాగించాను. జిల్లు పోయింది.

ఫోన్ పెట్టేముందు మిత్రుణ్ణి ఉండబట్టలేక అడిగాను. "1997లో మనం అంత బాగా బిగించాం కదా, ఇప్పుడెందుకిలా అయింది?"

"మనం ఏమిటోయ్? నువ్వు టార్చి పట్టుకున్నావు" అన్నాడు.

మళ్ళీ సీటీసీ. అదే కుర్రాడు. పాత ఎస్ఎంపీఎస్‌ని సంచిలో తీసుకెళ్ళాను. స్టిక్కర్ చదవకుండానే ఒక చేత్తో దాన్నీ, ఇంకో చేత్తో 550 వాట్ల కొత్తదాన్నీ ఎత్తి, "మీరు పట్టి చూడున్రి" అని నాకిచ్చాడు. పాతది ఖాళీ టిఫిన్ డబ్బా. కొత్తది అన్నం కూర సర్దిన డబ్బా. కొత్తదాని మీద 80 ప్లస్ బ్రాంజ్ అని ముద్ర ఉంది. గోడ నుంచి తీసుకున్న కరెంటులో నూటికి ఎనభైకి తగ్గకుండా లోపలికి అందిస్తుందని దాని అర్థం. పైన వెండి, బంగారం, ప్లాటినం, టైటానియం దాకా మెట్లున్నాయి. ఆ ముద్ర పొదుపు గురించే చెప్తుంది, గుణం గురించి పూచీ ఇవ్వదు. అందుకని నేను ముద్ర వదిలేసి గడి చూశాను. 12 వోల్టుల కింద 43 ఆంపియర్లు. 516. అక్కడే నిలబడి నోటితో గుణించాను. ఆ కుర్రాడు ఈసారి నవ్వాడు.

యూపీఎస్ సంగతి కూడా చెప్పేస్తాను. ఇంట్లో 600 వీఏది ఉంది. వీఏ వేరు, వాట్లు వేరు. దాని వాట్లు 360 మాత్రమే. కరెంటు పోయినప్పుడు అది ఇచ్చే కరెంటు అలలా కాకుండా మెట్లు మెట్లుగా వస్తుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొత్తరకం ఎస్ఎంపీఎస్‌లలో కొన్నిటికి ఆ మెట్లు గిట్టవు. ప్లగ్గు పట్టింది గాని వాటికి పడలేదు. అదీ మార్చాను.

మనవణ్ణి కూర్చోబెట్టి గేమ్ పెట్టించాను. రెండు గంటల పది నిమిషాలు ఆడాడు, ఆరిపోలేదు. క్షమాపణ చెప్తే "పర్లేదు తాతయ్యా" అని, నాలుగు నెలల ఆదివారాలకి ఎన్ని గంటలు బాకీ పడ్డామో వేళ్ళ మీద లెక్కేసి వాళ్ళ అమ్మమ్మకి అప్పజెప్పాడు. ఆ బాకీ ఇంకా తీరుస్తున్నాం. ఆ తర్వాత కంప్యూటర్ దానంతటది ఒక్కసారీ ఆగలేదు.

పాత ఎస్ఎంపీఎస్‌ని పారెయ్యడానికి మనసు రాక బాల్కనీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాం. గాలి గట్టిగా వీచినప్పుడు తలుపుతోపాటు అదీ జరుగుతోంది.